తుపాకి పట్టీకి నల్ల కుట్టు

"పోకురా ధనియా. ఆ బడి గేటు దాటి లోపటికి పోయినోడు పోయినట్టు తిరిగి రాడు. పానం బాగలేదని చెప్పు. జరమొచ్చిందని చెప్పు. నువ్వు చెప్పకుంటె నేనే చెప్త."

ద్వాలి ఈ మాట అనేటప్పటికి ఇంకా ఏమీ జరగలేదు. పొద్దు అప్పుడే మద్దిగుట్ట మీదికి ఎక్కుతోంది. కొడుకు ధన్‌సింగ్ గుడిసె ముందు కూర్చుని, చండ్రుగొండలో తను పనిచేసే మెకానిక్ షాపు నుంచి తెచ్చుకున్న పానాలను కిరసనాయిల్లో కడుగుతున్నాడు. కోడలు గోరి పొయ్యి దగ్గర జొన్నరొట్టె తట్టుతోంది. వాకిట్లో పిచ్చయ్య అనే కానిస్టేబుల్ నిలబడి ఉన్నాడు. అతను కొట్టడానికి రాలేదు, తిట్టడానికి రాలేదు. "ఎస్సై సారు ఒకసారి రమ్మంటున్నడు" అన్నాడంతే. ద్వాలిని ఎక్కువ భయపెట్టింది అదే.

ఆమె భయం సంగతి తెలియనివాళ్లు తండాలో లేరు. మబ్బు పడితే పిడుగు తమ గుడిసె మీదే పడుతుంది. కొడుకు రావడం ఆలస్యమైతే లారీ కిందపడ్డాడు. కోడలు దగ్గితే క్షయ. "మా అత్త కలల గూడ మంచిది రాదు. వచ్చినా నమ్మది" అని గోరి నీళ్ల దగ్గర అందరినీ నవ్విస్తుంది.

కానీ ఈ భయం ఊరికే పుట్టింది కాదు. ఆ బడి ఇప్పుడు బడి కాదు. తండావాళ్లు అడవి కొట్టి, రాళ్లు ఏరి, తరాలుగా కంది, జొన్న వేసుకుంటున్న పోడు మీదికి ఆ ఏడు ఫారెస్టోళ్లు ట్రాక్టర్లతో వచ్చారు. మొలకెత్తిన కందిని తొక్కించి గుంటలు తీశారు. గుంటల్లో జామాయిల్ మొక్కలు పెట్టించారు. మొక్కలకు కాపలా అని బడిలోకి పోలీసు క్యాంపు వచ్చింది. పిల్లల పలకలు బయటపడ్డాయి, పోలీసుల పెట్టెలు లోపలికి వెళ్లాయి. కిందటి వారమే తండా నాయక్ దేవ్లాను ఆ బడి ముందు జెండా కర్రకు కట్టేశారు. "మా కంది మాకు విడిచిపెట్టుండ్రి" అని అడిగినందుకు. అరవయ్యేళ్లు దాటినవాణ్ని, మనవల ముందు. క్యాంపుకు నీళ్లు మోసే వంతు ఆ పూట ద్వాలిది. బిందె నెత్తిన పెట్టుకుని నిలబడి, పడిన ప్రతి దెబ్బా చూసింది. బిందె దించమని ఎవరూ చెప్పలేదు, దించాలని ఆమెకూ తోచలేదు. ఆ రోజు నుంచి ఆమె మెడ నొప్పి తగ్గలేదు.

"ఊకె ఎందుకు బుగులు పడ్తవవ్వా" అన్నాడు పిచ్చయ్య. తల్లాడ దిక్కు రైతుబిడ్డ. మాట మెత్తన. "ఇనుప పని ఒకటుంది. పొద్దు నెత్తి మీదికి రాకముందే పంపిస్తం."

"అయితె నేను గూడ వస్త" అంది ద్వాలి.

"నువ్వెందుకు యాడీ?" అన్నాడు ధన్‌సింగ్. తండా భాషలో తల్లిని యాడీ అంటారు.

"వస్తనంటె వస్త."

*

బడి వరండాలో గోనెసంచి పరిచి ఉంది. దాని మీద రెండు తుపాకులు. ట్రిగ్గర్ నొక్కినప్పుడల్లా పేలి, మరో గుండును తమంతట తామే లోపలికి లాక్కునే రకం. పోలీసులు వాటిని ఎస్సెల్లార్ అంటారు. వారం కిందట పొంగిన వాగులో క్యాంపు జీపు బోల్తా పడింది. తాగి నడిపాడని అందరికీ తెలుసు, ఎస్సై మాత్రం వాగుదే తప్పంటాడు. ఒక తుపాకి బురదలో కూరుకుపోయి తుప్పు పట్టింది. రెండోది చక్రం కింద పడి దెబ్బతింది. పై ఆఫీసులో చెబితే ఎంక్వైరీ. చెప్పకపోతే, డీఎస్పీ ఇన్‌స్పెక్షన్‌కు వచ్చే రోజు దగ్గరపడుతోంది.

"రెండింటిలో మంచివి తీసి ఒకదాన్ని నడిపించాలి" అన్నాడు ఎస్సై, టీ గ్లాసు పట్టుకుని. "పిచ్చయ్యకు విప్పడం, బిగించడం తెలుసు. పట్టుకుపోయినవి ఊడటం లేదు. నువ్వు ఆయిల్ ఇంజన్లు విప్పుతావంట కదరా?"

ధన్‌సింగ్ అప్పటిదాకా తుపాకిని ఎదుటివైపు నుంచే చూశాడు. వాటి ముందు కూర్చున్నాడు గానీ చెయ్యి ముందుకు పోలేదు.

"ఇంజన్ అనుకోరా" అన్నాడు పిచ్చయ్య.

"ఇంజన్ నా దిక్కు మొకం పెట్టి సూడది కద సారూ."

పిచ్చయ్య నవ్వి, గొట్టం అటువైపు తిప్పాడు.

ద్వాలి గేటు పక్కన, నేల మీద కూర్చుంది. ప్రతి చప్పుడుకూ ఉలిక్కిపడుతూ కొడుకు చేతుల్నే చూస్తోంది. ఆ చేతులు భయం మరిచిపోయి పనిలో పడ్డాయి. నూనె పోయడం, ఆగడం, తట్టడం, మళ్లీ ఆగడం. ఇంజన్ల దగ్గరా అతని పని అంతే. ఇద్దరు రైతుల రెండు చెడిపోయిన ఇంజన్లు కలిపి, ఒకటి నడిపించి, ఇద్దరి మళ్లకూ వంతులవారీగా నీళ్లు పెట్టిస్తాడు. దీని ముక్క దాంట్లోకి, దాని ముక్క దీంట్లోకి. పిచ్చయ్య అందిస్తున్నాడు, ఇతను ఊడదీస్తున్నాడు.

ఒక ముక్క పట్టనంది. "అన్నీ ఒక్క ఫ్యాక్టరీవేరా. ఎందుకు పట్టదు?" అని ఎస్సై విసుక్కున్నాడు.

"ఒక్కతీరే ఉంటయి సార్. కని దేని అరుగుదల దానిది. కొత్త కోడలు లెక్క. కొంచెం సతాయించి, అప్పుడు కూసుంటది."

ఎండ వరండాలోకి వచ్చేసరికి ఒక తుపాకి సిద్ధమైంది. పిచ్చయ్య వెనక దొడ్లోకి తీసుకెళ్లి పేల్చాడు. రెండుసార్లు, మూడుసార్లు. ద్వాలి చెవులు మూసుకుని, "అయిపాయె, అయిపాయె" అనుకుంది. ఏమీ అయిపోలేదు. తుపాకి బాగయింది, అంతే.

కాకపోతే ఒక చిత్రం. ఆ రెండింటిలో ఒకటి పాతది, దాని కర్ర చేతి చెమటకూ నూనెకూ నల్లబడింది. ఇంకోటి కొత్తది, దాని కర్ర ఇంకా పసుపుపచ్చగా ఉంది. ఇప్పుడు నడిచే తుపాకికి భుజానికి ఆనే మడమ నల్లది, ముందు భాగం పసుపు. మిగిలిపోయినదానికి మడమ పసుపు, ముందు భాగం నలుపు. రెండు ఎడ్లు కొమ్ములు మార్చుకున్నట్టున్నాయి.

"ఇది ఇగ పేలది సార్" అన్నాడు ధన్‌సింగ్ మిగిలినదాన్ని చూపించి. "లోపట ఉత్తది."

"పేలకపోతే ఏంటి, కనపడాలి. డీఎస్పీ చూసిపోతాడు, పేల్చి చూడడు. దాని పట్టీ తెగింది, అదొకటి కుట్టించండిరా" అన్నాడు ఎస్సై.

పిచ్చయ్య ఆ తెగిన పట్టీ తెచ్చి ద్వాలి ఒడిలో పెట్టాడు. "అవ్వా, నీ దగ్గర సూదిదారం ఉంటది కద."

తండా ఆడదాని రవిక అంచున సూది లేకుండా ఎప్పుడుంది? తనకేల అనాలనుకుంది. అంటే కొడుకును ఆపేస్తారేమో. సూది తీసింది. దానికి ఎక్కించి ఉన్నది ఎర్రదారం. ఆ దళసరి పట్టీలోకి సూది దిగక బొటనవేలు బొక్కపడింది. తెగిన రెండు కొసలూ ఒకదాని మీద ఒకటి వేసి, లంగా అంచు కుట్టినట్టే దగ్గర దగ్గరగా కుట్టేసింది. చివర నల్లదారంతో ఒక కుట్టు వేసి పళ్లతో కొరికింది.

ఆ నల్ల కుట్టు తండా ఆచారం. లంగా కుట్టినా, ఉయ్యాల బట్ట కుట్టినా, సంచి కుట్టినా, దిష్టి తగలకుండా కొసన ఒక నల్ల కుట్టు పడాలి. అది ఒక్కో ఇంటికి ఒక్కో తీరు. ఒకరిది చుక్క, ఒకరిది గీత. ద్వాలిది కాకికాలు, మూడు గీతలు ఒకచోట కలిసినట్టు. అత్త దగ్గర నేర్చుకుంది, గోరికి నేర్పింది. అది వేయనిదే కుట్టు ముగిసినట్టు చేతికి తోచదు.

ఇంటిదారి పట్టాక గానీ ఆమెకు తెలివి రాలేదు.

"అయ్యో ధనియా! తుపాకికి దిష్టి కుట్టు ఏసిన కదరా! ఆళ్ల తుపాకి సల్లగుండాల్నని!"

ధన్‌సింగ్ పకపకా నవ్వాడు. "మంచిదే యాడీ. అదెట్లగూ పేలది. నీ కుట్టు మంచిగనె పనిచేసినట్టు."

ఆమెకు నవ్వు రాలేదు. తమకు మంచి జరిగినరోజు కూడా ఆమెకు నవ్వు రాదు.

*

వాగు ఇసుకలో, పోడు కోసం పెట్టుకున్న సంఘం మీటింగు జరిగింది. తండావాళ్లు, గూడెంవాళ్లు, వాగు అవతలి మాలపల్లెవాళ్లు ఒకచోట కూర్చోవడం అదే మొదలు. అప్పటిదాకా ఒకరి పోడు హద్దు ఇంకొకరు జరిపారని కొట్టుకున్నవాళ్లే.

మాలపల్లె రాఘవమ్మ నిలబడింది. బక్కపలచటి మనిషి. కలుపు తీసే కూలీల్లో గొంతు ఆమెదే పైన ఉంటుంది. "ఆ చెట్టు ఆకు గొడ్డు తినది. కాయ మనిషి తినడు. దాని కింద గడ్డి మొలవది. కంట్రాక్టరుకు తప్ప ఎవ్వనికి పనికిరాని చెట్టు తెచ్చి మన కూడు మీద నాటిండ్రు. మొక్క చిన్నగున్నప్పుడె పీకాలె. పెద్దగైతె గొడ్డలి కావాలె, గొడ్డలి పట్టినంక తుపాకొస్తది."

"తుపాకి ఇప్పుడే ఉన్నది కద చెల్లె" అన్నాడు దేవ్లా. వీపు మీద దెబ్బలు మానక అతను పక్కకు ఒరిగి కూర్చున్నాడు. "నేను ముసలోణ్ని, కొడితె తట్టుకున్న. పిల్లలను కొడితె?"

"నిన్ను కొట్టిననాడు మేమందరం ఏడుంటిమి నాయక్?" ధన్‌సింగ్ లేచాడు. "ఇండ్లల్ల తలుపులేసుకుంటిమి. ఒక్కొక్కణ్ని ఒక్కొక్కణ్ని కట్టేస్తరు, ఒక్కొక్కడే తింటడు దెబ్బలు. ఒక్క ఇంజన్ పాడైతె రెండు కలుపుకుంటం. మనుసులం కలవలేమా?"

"కూసోరా" అంది ద్వాలి వెనక నుంచి. "నువ్వు మాట్లాడకు. మాట్లాడినోణ్నే ఎత్కపోతరు."

అందరూ నవ్వారు. రాఘవమ్మ నవ్వలేదు. వచ్చి ఆమె పక్కన ఇసుకలో కూర్చుంది. "ద్వాలక్కా, నీ భయం అబద్ధమని నేననను. నువ్వు అనేటిది ఏదో ఒకనాడు జరుగుతనే ఉన్నది. కని, భయపడి ఇంట్ల కూసున్నందుకు ఏది ఆగింది చెప్పు? నీ కంది ఆగిందా?"

 

మీటింగులో అనుకున్నట్టు అందరూ మొక్కలు పీకే రోజున ద్వాలి కొడుకును వెనక్కి లాక్కురావడానికే పోడు మీదికి వెళ్లింది. అక్కడ తొక్కేసిన తన కంది సాలు కనిపించింది. సాలు మధ్యలో, గుంటలో, మోకాలెత్తు జామాయిల్ మొక్క. అటూ ఇటూ చూసి, ఎవరూ తనవైపు చూడటం లేదని ఖాయం చేసుకుని, ఒక్క మొక్క పీకింది. పీకి, కొంగు కింద దాచుకుంది. గోరి చూడనే చూసింది. "అత్తా, దాన్ని ఇంటికాడ నాటుతవా ఏంది?" అంది.

*

సంత రోజున చండ్రుగొండలో ధన్‌సింగ్‌ను షాపులో నుంచే ఎత్తుకుపోయారు. నెంబరు లేని జీపు. చేతిలో పానా ఉండగానే. పక్క పంక్చరు షాపు అతను పరుగున తండాకు వచ్చి చెప్పాడు.

అప్పటి నుంచి ద్వాలి నడక మొదలైంది. పట్నాల్లో చదువుకునే బిడ్డలారా, మీటింగుల్లో మీరు రాజ్యం అనే మాట వింటారు. ద్వాలికి ఆ మాట తెలియదు. ఆమెకు తెలిసింది స్టేషన్ గేట్లు. చండ్రుగొండ గేటు, కారేపల్లి గేటు, ఖమ్మంలో పెద్ద గేటు. అన్నిచోట్లా ఒకటే మాట. మా దగ్గర లేడు. తండా పక్కన క్యాంపులోనూ అదే మాట. మా దగ్గర లేడు, పో. కోడలు చెయ్యి పట్టుకుని నడిచింది. బస్సున్న చోట బస్సు, లేని చోట కాళ్లు. చెప్పు తెగింది. కుట్టుకోవడానికి కూడా సూది తీయబుద్ధి కాలేదు.

కారేపల్లిలో ఒక పోలీసు పళ్లు కుట్టుకుంటూ అన్నాడు. "ఏ పిల్లనో లేపుకపోయుంటడే నీ కొడుకు. మంచి వయసు కద."

"గట్లయితె ఎంత బాగుండు బిడ్డా!" అంది ద్వాలి మనసారా. కోడలు పక్కనే ఉందన్న సంగతి మరిచిపోయింది. గోరి ఆ మాటకు కోపం తెచ్చుకోలేదు. తలవంచుకుని, "అవ్" అంది. ఆమె కూడా అదే కోరుకుంటోంది.

తిరిగొచ్చిన సాయంత్రం ద్వాలి గడపలో కూలబడింది. తన బతుకంతా చెడు జరుగుతుందని చెబుతూ వచ్చింది. ఇప్పుడు జరిగాక చెప్పడానికి ఏమీ మిగల్లేదు.

తెల్లవారి డప్పు మోగింది. అందరూ బడి దగ్గరికి రావాలి, ఖమ్మం నుంచి పేపరోళ్లు వస్తున్నారు, ఎస్సై సారు మాట్లాడతాడు. రానివాళ్ల ఇండ్లకు తామే వస్తామని డప్పు వెనక నడిచిన పోలీసు చెప్పాడు.

*

బడి ముందు బల్ల వేసి, దాని మీద ఎర్ర దుప్పటి పరిచారు. దుప్పటి మీద తుపాకి. బల్ల వెనక ఎస్సై, పక్కన పేపరోళ్లు ఇద్దరు. ఒకరి మెడలో కెమెరా. జనాన్ని గేటు లోపల ఎండలో కూర్చోబెట్టారు. మగవాళ్లు ఒకవైపు, ఆడవాళ్లు ఒకవైపు. వరండాలో తాళం వేసిన తరగతి గది ముందు పిచ్చయ్య కాపలా నిలబడ్డాడు, భుజాన తుపాకితో.

"నిన్న సాయంత్రం అడవిలో నక్సలైట్లు మావాళ్లను చూసి పారిపోయారు" అన్నాడు ఎస్సై. "పోతూ పోతూ ఈ తుపాకి పారేసి పోయారు. వాళ్లకు తుపాకులు బాగు చేసి పెట్టేది ఈ తండావాడే, ధన్‌సింగ్ అనే మెకానిక్. వాడు కూడా వాళ్లతో పాటు పారిపోయాడు. అడవంతా గాలిస్తున్నాం. ఎదురుపడ్డాడా, మేం బాధ్యులం కాదు."

ద్వాలి గుండె ఒక్కసారి తేలికయింది. పారిపోయాడా? అయితే బతికే ఉన్నాడు! పక్కనున్న రాఘవమ్మ చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది.

"అక్కా" అంది రాఘవమ్మ, పెదవులు కదపకుండా. "పారిపోయిండని ఇయాల పేపర్ల ఏయిస్తున్నరంటె, రేపు ఎదురుకాల్పులని ఏయిస్తరు. పిలగాడు ఈళ్ల చేతుల్నే ఉన్నడు. సంపెటందుకె ఈ మాట."

ద్వాలి చెడును అందరికంటే ముందు చూసే మనిషి. ఈసారి ఆమెకంటే ముందు ఇంకొకరు చూశారు.  తల వాలిపోయి, చూపు బల్ల అంచుకు వేలాడుతున్న తుపాకి పట్టీ మీద ఆగింది.

ఎర్రదారం. దగ్గర దగ్గర కుట్టు. కొసన నల్లగా, కాకికాలు.

 ముందు వచ్చిన ఆలోచన, ఎవరూ చూడకూడదు అని. చూస్తే తననూ తీసుకుపోతారు, గోరినీ తీసుకుపోతారు, గుడిసె తగలబెడతారు, తండా మొత్తం... ఆమె మనసు అలవాటుగా ఒక్కో చెడూ వరుసగా చూపించుకుంటూ పోయింది. అన్నిటికంటే చివర కొడుకు ఉన్నాడు. అక్కడ ఆగింది. అంతకంటే ముందుకు చూపించడానికి ఏమీ లేదు.

"గోరీ" అంది తమ భాషలో. "ఆ పట్టీ సూడు."

గోరి చూసింది. పెదవి కొరుక్కుంది. వెనకనున్న పక్కగుడిసె రూప్లితో అంది. రూప్లి పక్కామెతో అంది. పోలీసులకు అర్థంకాని భాషలో ఆ మాట ఆడవాళ్ల మధ్య పాకింది. ద్వాలి కుట్టు. ద్వాలి కాకికాలు. ఉయ్యాల బట్టల మీద, పెళ్లి లంగాల మీద చూసిన కుట్టు. తుపాకిని ఎరగనివాళ్లు ఆ కుట్టును ఎరుగుదురు.

"ఏయ్, ఏంటా గుసగుసలు!" అరిచాడు ఎస్సై. పేపరోళ్లు లేచారు. డ్రైవరు జీపు స్టార్ట్ చేశాడు.

ఆ చప్పుడుకు ద్వాలి లేచింది. లేవాలని అనుకుని లేవలేదు. జీపు వెళ్లిపోతే కొడుకు కూడా వెళ్లిపోతాడని కాళ్లకు తెలిసింది. నడిచి వెళ్లి జీపు ముందు కూర్చుంది. గోరి వచ్చి పక్కన కూర్చుంది. రాఘవమ్మ, రూప్లి, గూడెం ఆడవాళ్లు, మాలపల్లె ఆడవాళ్లు. జీపుకు దారి లేకుండా పోయింది. దేవ్లా కర్ర ఊతతో లేచి మగవాళ్లను తీసుకొచ్చి వెనక కూర్చోబెట్టాడు.

"ఆ పట్టీ నేను కుట్టిన" అంది ద్వాలి. ఆమె గొంతు ఆమెకే వినిపించలేదు. మళ్లీ అంది. "ఆ తుపాకి పట్టీ నేను కుట్టిన."

ఎస్సై నవ్వాడు. "రాసుకోండి సార్. కొడుకు తుపాకి బాగు చేస్తాడు, తల్లి పట్టీ కుడుతుంది. కుటుంబం మొత్తం అదే పని."

కెమెరా ఉన్నతను వంగి అడిగాడు. "ఎక్కడ కుట్టినవమ్మా?"

"గీ వరండల. నువ్వు చాయ్ తాగుకుంట నిలబడ్డవ్ ఎస్సై సారూ. పిచ్చయ్య తెచ్చి నా ఒళ్లె ఏసిండు. నీళ్లల్ల పడ్డ మీ తుపాకులు రెండు. మా పిలగాడు ఒకదాని ముక్కలు ఒకదాన్ల పెట్టి ఇచ్చిండు. మీకే పెట్టి ఇచ్చిండు."

గోరి తన లంగా అంచు తిప్పి చూపించింది. "సూడుండ్రి సార్. ఇది మా అత్త కుట్టు. అది మా అత్త కుట్టు." వెనక ఇంకా కొందరు సంచులు చూపించారు, చంకలో పిల్లల బట్టలు చూపించారు. ద్వాలి ఎవరికి కుట్టిపెట్టలేదు గనుక.

"లంబాడోళ్ల కుట్లు అన్నీ ఒకటే!" అన్నాడు ఎస్సై. ఈసారి నవ్వలేదు.

అప్పుడు ద్వాలి తలెత్తి వరండా వైపు చూసింది. పిచ్చయ్య భుజాన వేలాడుతున్న తుపాకికి మడమ నల్లగా ఉంది. ముందు భాగం పసుపుగా ఉంది.

"కుట్టు ఒద్దు సార్" అంది. ఇక భయపడటానికి కూడా ఓపిక లేని గొంతు అది. "ఆ పిచ్చయ్య బుజం మీదిది తెచ్చి దీని పక్కన పెట్టుండ్రి. దీని ముందటి కర్ర దానిది. దాని ముందటి కర్ర దీనిది. అడవిల దొరికినదైతె, మీ తుపాకితోటి కర్ర ఎట్ల మార్చుకున్నది?"

పేపరోళ్లు బల్ల వైపు చూశారు, వరండా వైపు చూశారు. కెమెరా పైకి లేచింది.

"పక్కన పెట్టు!" అన్నాడు దేవ్లా.

"పక్కన పెట్టు!" మాలపల్లె అంది. "పక్కన పెట్టు!" గూడెం అంది. తుపాకి అంటే తలుపులు వేసుకున్న మనుషులు తుపాకిని బయటికి తెమ్మని అరుస్తున్నారు. లాఠీ లేచి రూప్లి భుజం మీద పడింది, రాఘవమ్మ వీపు మీద పడింది. ఒక్కరూ లేవలేదు. దెబ్బ పడ్డవాళ్లు పక్కవాళ్ల మీదికి ఒరిగారు, పక్కవాళ్లు పట్టుకున్నారు. దేవ్లా ఆనాడు ఒక్కడే తిన్నవి ఈనాడు అందరూ పంచుకుంటున్నారు.

"పిచ్చయ్యా! తుపాకి తీసుకుని లోపలికి పోరా! గదిలోకి పో!" ఎస్సై అరిచాడు.

పిచ్చయ్య తిరిగాడు. తాళం చేతిలోకి తీసుకున్నాడు. తాళంచెవి పెట్టాడు.

తిప్పలేదు.

ఎస్సైకి తన పొరపాటు అప్పుడు తెలిసింది. "వద్దు! ఆగు! తీయకు!" అన్నాడు.

అరుపులు ఆగిపోయాయి. ఆ తలుపు ఎందుకు తీయకూడదో జనానికి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. పిచ్చయ్య తాళం మీద చెయ్యి ఉంచి, తల తలుపుకు ఆనించి, అలాగే నిలబడ్డాడు. తీయలేదు. అక్కణ్నుంచి కదలనూ లేదు.

ద్వాలి లేచింది. ఆమెను ఆపడానికి ఒక పోలీసు అడ్డం వచ్చాడు. కెమెరా తనవైపు తిరగడం చూసి పక్కకు తప్పుకున్నాడు. వరండా మెట్టు దగ్గర నిలబడి పిలిచింది.

"ధనియా!"

తలుపు వైపు చెవి పెట్టింది.

"ఓ ధనియా! నేన్రా!"

జీపు డ్రైవరు ఇంజను ఆపేశాడు. తల్లులు పిల్లల నోళ్లు మూశారు. అంతమంది జనం, చీమ నడిచినా వినపడేటట్టు కూర్చున్నారు. గది లోపల ఏ చప్పుడూ లేదు. ద్వాలికి తెలుసు ఆ నిశ్శబ్దం ఏమిటో. జీవితమంతా దానికి భయపడే బతికింది. ఇంకోసారి పిలిచి, ఇంకోసారి జవాబు రాకపోతే, అదే చివర. పిలవకపోతే ఆ కొంచెం ఆశ అయినా మిగులుతుంది. వెనక్కి తిరిగి చూసింది. గోరి చూస్తోంది. రాఘవమ్మ, దెబ్బతిన్న వీపుతోనే నిటారుగా కూర్చుని, పిలువు అన్నట్టు తల ఊపింది. వాళ్లంతా కూర్చునే ఉన్నారు. ఇక్కడ ఏది బయటపడినా దాన్ని ఆమె ఒక్కతే మోసుకుని ఇంటికి పోదు.

మెట్టు ఎక్కింది. పిచ్చయ్య పక్కన నిలబడి, తలుపు మీద అరచేయి పెట్టింది. చిన్నప్పుడు నిద్రలేపినట్టు మెల్లగా పిలిచింది.

"ధనియా... లెవ్వు బిడ్డా. అందరం వచ్చినం."

ఎండ బల్ల మీది తుపాకి మీద పడి మెరిసింది. ఎస్సై ముఖం తుడుచుకున్నాడు. ఎవరూ దగ్గలేదు. 

తర్వాత తలుపు కింది భాగంలో ఏదో గీసుకున్న చప్పుడయింది. ఒళ్లు ఈడ్చుకుంటూ వచ్చిన మనిషి గోళ్లతో చెక్కను తడుముతున్నట్టు. ఆ తర్వాత నీళ్లు లేక ఎండిపోయిన గొంతు, పేపరోళ్లకూ వినపడేటట్టు, జనం చివరన కూర్చున్న దేవ్లాకూ వినపడేటట్టు పలికింది.

"యాడీ..."